కారు వెనక నిలబడిన అత్తయ్య

పోయిన ఆదివారం పొద్దున్నే ఎదురింటి అమ్మాయి మా గేటు దగ్గరికి వచ్చి, నిన్న సాయంత్రం బజారు నుంచి మీ కారు వెనకాలే వచ్చానండి పిన్నిగారూ, ఎడమవైపు వెనక లైటు వెలగడం లేదు, మాకు తెలిసిన మెకానిక్కుని పంపించమంటారా అని అడిగింది. ఆ మాట వినగానే నా ముఖంలో కనిపించిన సంతోషానికి పాపం ఆ పిల్ల తికమకపడిపోయింది. లైటు పోయిందంటే ఎవరైనా విసుక్కుంటారు గానీ, అరవై ఏడేళ్ళు నిండిన మనిషి పండగ కబురు విన్నట్టు చెంగు నడుముకు దోపుకుని లేస్తుందా? మెకానిక్కు వద్దన్నాను. కుట్టుమిషను సొరుగులోంచి స్క్రూడ్రైవరు తెచ్చుకుని, నా పాత చిన్న కారు వెనక పీట వేసుకుని కూర్చుని, రెండు స్క్రూలు ఊడదీసి, ఎర్ర గాజును జాగ్రత్తగా పక్కన పెట్టి, లోపల మసిబారిపోయిన బల్బును నొక్కి తిప్పి బయటికి తీశాను. మొత్తం పది నిమిషాల పని. ఆ అమ్మాయి చేతులు కట్టుకుని ఆశ్చర్యంగా చూస్తూ నిలబడితే, నిజం చెప్పొద్దూ, నాకు ఇంకాస్త హుషారెక్కింది.

అయితే కొత్త బల్బు బిగించే ముందు నా చెయ్యి నాతో చెప్పకుండానే ఒక పని చేసింది. చీర చెంగుతో బల్బు అడుగుభాగాన్ని గట్టిగా తుడిచింది. పెట్టెలోంచి అప్పుడే తీసిన కొత్త బల్బు, దుమ్ము కూడా లేదు, ఎందుకండీ తుడుస్తున్నారు అని ఆ పిల్ల అడిగింది. నవ్వి ఊరుకున్నాను. గేటు దగ్గర నిలబడి రెండు ముక్కల్లో చెప్పగలిగే సంగతి కాదది. మీరైతే నా ఈడువాళ్ళు, తీరిగ్గా వింటారు, అత్తగారూ మామగారూ ఉన్న ఇంట్లో కాపురం చేసినవాళ్ళు కనుక అందులో మెలికలన్నీ ఇట్టే అర్థమవుతాయి.

మా పుట్టిల్లు బాపట్ల, మెట్టినిల్లు తెనాలి, ఉద్యోగం రేపల్లెలో. ఈ మూడూళ్ళ మధ్య తిరిగిన తిరుగుడుకి నా కాళ్ళకు బలపాలు కట్టారేమోనని మా అమ్మ ఎగతాళి చేసేది. నేను రేపల్లెలో ఆడపిల్లల బడిలో లెక్కల టీచర్ని. మావారు అప్పట్లో ఉద్యోగరీత్యా విశాఖపట్నంలో ఉండి నెలకొకసారి వచ్చేవారు. తెల్లవారుజామునే లేచి పాసింజరు రైలు పట్టుకుని వెళ్ళడం, బడి వదిలే వేళకూ తిరుగు రైలుకూ పొంతన కుదరక స్టేషన్లో పడిగాపులు కాయడం, ఇల్లు చేరేసరికి ఏడు దాటడం, ఇదీ నా దినచర్య. పెళ్ళయిన కొత్తలో అదేమీ కష్టమనిపించలేదు. కిటికీ పక్క సీటు దొరికితే వేమూరు, భట్టిప్రోలు దాటుతూ పచ్చటి పొలాలు చూసుకుంటూ వెళ్ళడం సరదాగానే ఉండేది. మా అమ్మాయి పుట్టాక మాత్రం ఆ సరదా కాస్తా పోయింది. ఏడు నెలల పిల్లని పొద్దున నిద్రలో వదిలి వెళ్ళేదాన్ని, తిరిగొచ్చేసరికి మళ్ళీ నిద్రలోనే ఉండేది. ఒకనాడు కాస్త ముందు వచ్చి ఆత్రంగా చేతులు చాపితే, పిల్ల నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసి, పెదవి విరిచి, మా అత్తయ్య భుజంలో ముఖం దాచుకుని ఏడ్చింది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. ఉద్యోగం మానేద్దామని నిశ్చయించుకుని, మర్నాడు అత్తయ్యతో చెప్పేశాను.

మా అత్తయ్య నాలుగో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి, కోడలు టీచరమ్మ అని వీధంతా చెప్పుకునే మనిషి. ఆవిడ నా మాట విని, బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టి, పెరట్లో రేకుల షెడ్డువైపు చూసింది. ఆ షెడ్డులో మామయ్యగారి కారు ఉంది. తెల్లటి, గుండ్రటి వీపు ఉన్న, ఆ రోజుల్లో ఎక్కడ చూసినా కనిపించే కారే. కొల్లూరు దగ్గర లంకలో మాకు అరటితోట ఉండేది. ఆయన ఏళ్ళ తరబడి ఆ కారులోనే ఏటిగట్టుదాకా వెళ్ళి వచ్చేవారు. చూపు మందగించి నడపడం మానేశాక, కారు షెడ్డులో కోళ్ళకు నీడనిస్తూ కూర్చుంది. అంగలకుదురు నుంచి ఒకాయన వచ్చి నడిపి చూసి, నచ్చి, సోమవారం మంచిరోజు తీసుకువెళతానని చెప్పి వెళ్ళి అప్పటికి రెండు రోజులైంది.

నాకు కారు నడపడం వచ్చు. పెళ్ళికి ముందే మా పెద్దన్నయ్య బాపట్ల నుంచి సూర్యలంక వెళ్ళే దారిలో, సరుగుడు తోటల మధ్య, తన స్నేహితుడి జీపు మీద నేర్పించి లైసెన్సు కూడా ఇప్పించాడు. ఆ సంగతి మా పెళ్ళిచూపుల్లో ఎవరూ అడగలేదు, మావాళ్ళూ చెప్పలేదు. సంగీతం వచ్చా అని అడిగారు గానీ స్టీరింగు వచ్చా అని అడుగుతారా? అత్తయ్యకు మాత్రం నేనే ఎప్పుడో చెప్పాను. ఆవిడ ఆ ముక్క కొంగున ముడేసుకుని దాచిపెట్టి, సరిగ్గా అవసరమైన రోజున మామయ్యగారి ముందు ముడి విప్పింది. శనివారం రాత్రి భోజనాల దగ్గర, మజ్జిగ పోస్తూ, కారు అమ్మేబదులు కోడలికి ఇవ్వొచ్చుగా, నడపడం వచ్చట అంది.

మామయ్యగారు ఆడవాళ్ళు కారు నడపకూడదనే మనిషి కాదు. కానీ వస్తువును చూసుకోవడం రానివాళ్ళకు వస్తువు ఇవ్వకూడదని ఆయన సిద్ధాంతం. ఎద్దుకి గిట్టలు చూడటం రానివాడు బండి తోలకూడదనేవారు. పైగా ఆయనకు వెనక లైట్ల పట్టింపు ఒకటి ఉండేది. ఎప్పుడో ఒక మంచు పొద్దున కొల్లూరు దారిలో లైటు లేని ట్రాక్టరు ట్రక్కు ముందు ఆగి ఉంటే, చూసుకోక దాదాపు దానికింద దూరబోయి, చివరి క్షణంలో కాలవ గట్టుకు కారును తిప్పి బతికి బయటపడ్డారట. అప్పటినుంచి ఆయన ఏ బండిని చూసినా ముందు దాని వెనక్కి వెళ్ళి చూసేవారు. మజ్జిగన్నం పూర్తిచేసి, చెయ్యి కడుక్కుని వచ్చి, ఆయన నాతో చెప్పిన మాట ఇది.

"ముందు లైటు మనకోసం అమ్మా. వెనక లైటు మన వెనకొచ్చేవాళ్ళ కోసం. ఎడమవైపుది పోయి చాన్నాళ్ళయింది. రేపు నేను బాపట్లలో మా అక్కయ్యగారింటికి వెళ్ళి సాయంత్రం బండికి వస్తాను. నువ్వే బల్బులు మార్చి, నువ్వే కారు తీసుకుని స్టేషన్‌కి రా. రెండు లైట్లూ వెలిగితే కారు నీది. లేదంటే సోమవారం అంగలకుదురు వెళ్ళిపోతుంది."

ఆయన మాటంటే రాతి మీద గీతే. అయినా నాకు ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదంటే నమ్మండి. బల్బు మార్చడం ఎంతసేపు? పిల్ల దగ్గరికి వెలుగుండగానే వచ్చేయొచ్చు అన్న ఊహే నన్ను మంచం మీద నిలవనివ్వలేదు.

ఆదివారం ఆయన రైలెక్కగానే నేను బజారుకెళ్ళి బల్బులు తెచ్చాను. కారు వెనక లైటు బల్బులో రెండు తీగలుంటాయి. ఒకటి మామూలుగా వెలిగేది, రెండోది బ్రేకు నొక్కితే ఇంకాస్త ధగధగమనేది. దాని ఇత్తడి అడుగున రెండు సీసపు చుక్కలుంటాయి, అవి హోల్డరులోని స్ప్రింగులకు ఆనితేనే వెలుతురు. ఒకవైపు కొత్తదీ ఒకవైపు పాతదీ ఎందుకని, రెండువైపులా మార్చేద్దామని, ఒకటి అదనంగా దగ్గరుంచుకుందామని మూడు తెచ్చాను. షాపులోని పెద్దాయన మీ ఇంట్లో మగవాళ్ళెవరూ లేరామ్మా అని ఒకటికి రెండుసార్లు అడిగి మరీ ఇచ్చాడు. ఇంటికి రాగానే అత్తయ్య కొత్త వస్తువు కదా, ముందు దేవుడి దగ్గర పెడతాను ఇటివ్వు అని పొట్లం తీసుకుని లోపలికి వెళ్ళి, కాసేపటికి తిరిగి తెచ్చి ఇచ్చింది. మా ఇంట్లో అది మామూలే. పుస్తకమైనా, నీళ్ళ బిందె అయినా, గొళ్ళెమైనా సరే, ఆవిడ చేతి మీదుగా దేవుడి గదిలోకి వెళ్ళి రాకుండా వాడకంలోకి వచ్చేది కాదు.

గాజుకు చేతి జిడ్డు అంటుకోకూడదని మా అన్నయ్య చెప్పిన మాట గుర్తుండటంతో, గుడ్డతో పట్టుకుని రెండు బల్బులూ బిగించాను. అత్తయ్య పిల్లని చంకనేసుకుని కారు వెనక నిలబడింది. బ్రేకు లైటు సంగతి మీకు తెలిసిందే కదా, నొక్కేవాళ్ళకు కనబడదు, వెనక ఇంకో మనిషి నిలబడి చెప్పాల్సిందే. నేను లోపల కూర్చుని స్విచ్చి వేసి, కాలితో బ్రేకు నొక్కి, వెలిగిందా అత్తయ్యా అని అరిచాను. వెలగలేదమ్మా అంది. ఎడమవైపుదే కాదు, నిన్నటిదాకా నిక్షేపంలా వెలిగిన కుడివైపుది కూడా వెలగలేదు. బాగుచేయబోయి బాగున్నది కూడా చెడగొట్టానన్నమాట.

బల్బులు పట్టుకుని మళ్ళీ షాపుకు పరిగెత్తాను. పెద్దాయన వాటివైపు చూడను కూడా చూడకుండా, మీ చేతకానితనానికి నా బల్బులననకండమ్మా అన్నట్టు ఒక చూపు చూసి, ఇంకో మూడు కొత్తవి తీసి, బ్యాటరీకి తీగలు తగిలించి, నా కళ్ళముందే ఒక్కొక్కటీ వెలిగించి మరీ చేతిలో పెట్టాడు. మూడూ దివ్యంగా వెలిగాయి. ఇంటికొచ్చాను. కొత్తవి కదా, అత్తయ్య మళ్ళీ వాటిని దేవుడి దగ్గరికి తీసుకెళ్ళి తెచ్చింది. బిగించాను, నొక్కాను. వెలగలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నా బల్బులు రచ్చ గెలిచి ఇంట ఓడిపోయాయి.

గడియారం చూస్తే నాలుగున్నర. బాపట్ల నుంచి వచ్చే బండి ఆరింటికి. అప్పటికి నేను ఫ్యూజు చూశాను, వైర్లు లాగి చూశాను, బ్యాటరీ దగ్గర బిగించి చూశాను. చీరంతా గ్రీజు మరకలు. పిల్ల నా అవతారం చూసి నవ్వుతుంటే నాకు ఏడుపొస్తోంది. అత్తయ్య ముఖం నాకంటే చిన్నబోయింది. వెలగలేదమ్మా అని చెప్పే గొంతు ప్రతిసారీ ఇంకాస్త సన్నబడుతోంది. పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుడికి ఏం మొక్కుకుంటోందో.

ఆఖరి ప్రయత్నంగా కుడివైపు బల్బు మళ్ళీ తీశాను. చెమటకి గుడ్డ జారి, నా బొటనవేలు బల్బు అడుగున తగిలింది. వేలు చూసుకుంటే పచ్చగా ఉంది. ఇత్తడి రంగు అంటుకోవడమేమిటి అనుకుని వాసన చూశాను. పసుపు! తిప్పి చూస్తే, అడుగున ఉండాల్సిన రెండు సీసపు చుక్కలూ కనబడటంలేదు. నూనెతో ముద్దగా కలిపిన పసుపు వాటిని పూర్తిగా కప్పేసి, మధ్యన చిన్న కుంకుమ బొట్టు. ఇత్తడి పచ్చదనంలో పసుపు పచ్చదనం కలిసిపోయి అప్పటిదాకా నా కంటికి ఆనలేదు.

అప్పుడర్థమైంది నాకు అత్తయ్య ఆలోచన. గాజు మీద బొట్టు పెడితే వెలుతురుకు అడ్డం వస్తుందని ఆవిడకు తెలుసు. అందుకని, ఇంటికొచ్చిన ముత్తయిదువ పాదాలకు పసుపు రాసినట్టు, ఆరు బల్బుల పాదాలకూ శ్రద్ధగా పసుపు రాసింది. కోడలు క్షేమంగా వెళ్ళి క్షేమంగా రావాలని. వెలుతురు వచ్చే దారి పైనుంచి కాదనీ, ఆ పాదాల కిందనుంచేననీ ఆవిడకు ఎవరు చెప్పారు?

నేను తలెత్తి చూశాను. అత్తయ్య నన్నే చూస్తోంది. ఏమైందమ్మా అని అడిగింది. ఒక్క మాట చెబితే పోయేది. కానీ చెబితే, తన చేతులతోనే కోడలి కారును అంగలకుదురు పంపించబోయానని ఆవిడ ఎంత కుమిలిపోతుందో నాకు తెలుసు. పైగా మామయ్యగారి చెవిన పడితే పండగలకీ పబ్బాలకీ ఆ కథే చెప్పి ఆవిడను ఏడిపిస్తారు. నేను ఏమీలేదత్తయ్యా, కాస్త దుమ్ము పట్టిందంతే అన్నాను. అటు తిరిగి చెంగుతో రెండు బల్బులనూ మెరిసేదాకా తుడిచి బిగించాను. వెళ్ళి సీట్లో కూర్చుని బ్రేకు నొక్కాను.

"వెలిగిందమ్మా! రెండూ వెలిగాయే!"

అంత గట్టిగా అత్తయ్య మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. ఆ కేకకి చంకలోని పిల్ల ఉలిక్కిపడి, వెంటనే ఎర్రటి వెలుతురు చూసి కిలకిలా నవ్వింది. ఇంకోసారి నొక్కమంది అత్తయ్య. నొక్కాను. ఇంకోసారి అంది. అలా ఎన్నిసార్లు నొక్కానో లెక్కలేదు. ఇద్దరమూ చిన్నపిల్లలమైపోయాం.

స్టేషన్ బయట మామయ్యగారు నన్ను చూసి కారెక్కలేదు. సంచీ కింద పెట్టి, సరాసరి వెనక్కి వెళ్ళారు. నొక్కమన్నట్టు చెయ్యి ఊపారు. చూపు ఆనదు కనుక బాగా దగ్గరికి వంగారు. నేను అద్దంలో చూస్తున్నాను. నొక్కినప్పుడల్లా ఆయన తెల్లపంచె ఎర్రబడుతోంది, వదిలితే తెల్లబడుతోంది. ఆయన ఎడమ లైటు చూశారు, కుడి లైటు చూశారు, స్క్రూలు బిగించానో లేదో గోటితో తడిమి చూశారు. తర్వాత వచ్చి నా పక్కన కూర్చుని, తలుపు వేసుకుని, రేపు పొద్దున్నే అంగలకుదురు కబురు పెట్టాలి, ఆయన్ని రావద్దని అన్నారు. నేను నోరు విప్పితే పాటే వచ్చేలా ఉంది.

మర్నాటి నుంచి నాతోపాటు మా బడి టీచరమ్మలు ఇద్దరు తెనాలి నుంచి రేపల్లెకు నా కారులో వచ్చేవారు. ఆడమనిషి కారు నడుపుతోందని దారిలో జనం ఆగి చూసేవారు, మా పిల్లలు బడి గేటు దగ్గర బారులు తీరేవారు. అవన్నీ ఒక ఎత్తు, అయిదు కొట్టకముందే ఇల్లు చేరితే, కారు చప్పుడు విని మా అమ్మాయి వాకిట్లోకి పాక్కుంటూ వచ్చి చేతులు చాపడం ఒక ఎత్తు. ఉద్యోగం మానే మాట నేను మళ్ళీ ఎత్తలేదు.

నెల తర్వాత కారు శుభ్రం చేస్తూ, అదనంగా ఉంచుకున్న బల్బు గుర్తొచ్చి సొరుగులోంచి తీశాను. దాని అడుగు తళతళలాడుతోంది, పసుపు జాడ లేదు. దాన్ని పెట్టిన అట్టపెట్టె మీద మాత్రం చక్కగా పసుపూ, కుంకుమ బొట్టూ ఉన్నాయి. ఆ ఆదివారం సాయంత్రం నా చెంగుకంటిన పసుపు మరక ఉతికింది అత్తయ్యే కదా! ఆవిడా ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. మామయ్యగారు మాత్రం మొదటి బల్బులు షాపువాడు చెడిపోయినవే అంటగట్టాడని చివరిదాకా నమ్మారు. ఆ పాపం పోగొట్టుకోవడానికి ఆ పెద్దాయన బతికున్నన్నాళ్ళూ నేను ఆయన దగ్గరే బల్బులు కొన్నాను.

ఆ మర్నాడు మొదలు, అత్తయ్య మంచాన పడేదాకా, పదకొండేళ్ళు, ఒక్క రోజు తప్పకుండా ఆవిడ పొద్దున్నే కారు వెనక నిలబడేది. నేను బ్రేకు నొక్కేదాన్ని. రెండూ వెలుగుతున్నాయి, వెళ్ళిరా అనేది. ఆ మాట వినబడితేనే నేను గేరు మార్చేదాన్ని.

మొన్న ఎదురింటి అమ్మాయి తన కొత్త కారు చూపించింది. అందులో వెనక లైటుకు బల్బే లేదట, అంతా ఒకటే ముక్కట, పాడైతే మొత్తం మార్చాలట, వెలగకపోతే ముందున్న తెరే చెబుతుందట. ఎంత సుఖం అనుకున్నాను, అబద్ధం కాదు, మంచి వస్తువును మంచిదనే అనాలి. పోయిన ఆదివారం బల్బు బిగించి, ఆ పిల్ల పనుందని వెళ్ళిపోయాక నేను ఒక్కదాన్నే నా పాత కారులో కూర్చుని, వెనక్కి తీసి, సున్నం వేసిన ప్రహరీ గోడకు దగ్గరగా ఆపి బ్రేకు నొక్కాను. అద్దంలో గోడ రెండువైపులా ఎర్రబడింది. పని అయిపోయింది, దిగిపోవచ్చు. అయినా నా కాలు బ్రేకు మీదనుంచి లేవలేదు, చెవులు వెనక్కే ఉన్నాయి. రెండూ వెలుగుతున్నాయని గోడ చెప్పగలదు. వెళ్ళిరా అని చెప్పడానికి మాత్రం మనిషి కావాలి.